మామ ఆటలో నేను పెట్టిన ఆశ్చర్యార్థకం

కొన్నేళ్లుగా ఒక చిన్న గుర్తు నా మీద బరువై కూర్చుంది. కీబోర్డులో ఒకటి అంకె ఉన్న మీటే దాని చోటు. నిలువు గీత, కింద చుక్క. బళ్లో దాన్ని ఆశ్చర్యార్థకం అని నేర్పారు. నా వృత్తిలో దానికి ఆశ్చర్యంతో పని లేదు. దేని ముందు పెడితే దాన్ని తిరగేస్తుంది. అవునును కాదు చేస్తుంది. రోజూ టైప్ చేస్తాను. చేసేటప్పుడు చాలాసార్లు వేలు ఒక్క క్షణం ఆగుతుంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. అదీ పిరికితనమే.

వరుసలో చెబుతాను. వరుస తప్పితే మధ్యలో సాకులు దూరుతాయి. నా సంగతి నాకు తెలుసు.

మాది నాచారం. మామ అంటే మా అమ్మకు అన్న. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. చెవికి ఫోను, ముందు చార్టు. ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లలో దేన్ని పక్కన లూప్ లైన్లో నిలపాలి, దేన్ని ముందు పోనివ్వాలి అని చెప్పడం ఆయన పని. అత్తమ్మ పోయింది. పిల్లలు లేరు. అమ్మ పట్టుబట్టి మా ఇంటికి తీసుకొచ్చింది.

నాది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామకు పొద్దుపోవడం లేదని నా పాత లాప్‌టాప్ ఇచ్చి, హాయిగా ఆడుకునే ఆటలు ఒక్కొక్కటే చూపించాను. అలాంటి ఆటకు నా లెక్కలో కొన్ని లక్షణాలుండాలి. టీ వచ్చిందని మధ్యలో లేచిపోయినా ఆట అలగకూడదు. గడియారం వెంటపడి తరమకూడదు. ఓడిపోతే ఎవరూ నవ్వకూడదు. ప్రకటన చూస్తేనే ఇంకో ప్రాణం ఇస్తానని బేరం పెట్టకూడదు. రంగు బుడగలు పేల్చే ఆటను మామ కాసేపు చూసి, “గిది పోరగాండ్లది” అని పక్కన పెట్టాడు. గళ్ల కింద బాంబులు దాచిన ఆట శ్రద్ధగా ఆడాడు గానీ, చివర రెండు గళ్లలో ఏదో ఒకటి ఊహించి నొక్కాల్సి వచ్చేసరికి కోపం వచ్చింది. “అందాజ మీద బండి నడుపుతడారా ఎవడన్న?” అన్నాడు. బొమ్మల పలకలు జత కలిపే ఆటలో నిద్రపోయాడు.

చివరికి పేకముక్కల ఆట ఒకటి నిలిచింది. ఒక్కరే ఆడుకునేది. అందులో దాపరికం లేదు. ముక్కలన్నీ మొదటి నుంచీ కళ్లముందే పరిచి ఉంటాయి. ఆసు నుంచి రాజు దాకా వరుసగా పైకి తీయాలి. అడ్డం వచ్చిన ముక్కను పక్కనున్న ఖాళీ గడిలో కాసేపు నిలపవచ్చు. ఆ ఖాళీ గడులను చూడగానే మామ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

“లూప్ లైన్లు గదరా ఇవి!”

మామూలుగా నాలుగు గడులుంటాయి. “నాలుగు లూపులుంటె ఎవడైన నడుపుతడు. మా సెక్షన్ల రెండే ఉండేటియి. నాకు రెండే పెట్టు” అన్నాడు. దాంతో ఆటను నేనే కొత్తగా రాశాను. పెద్ద అక్షరాలు, ప్రకటనలు లేవు, గడులు రెండే. అయితే రెండే గడులతో పంచిన ప్రతి ఆటా రాదు, అంటే ముక్కలన్నీ పైకి తీయడం కుదరదు. ఎంత తెలివిగలవాడు కూర్చున్నా కొన్ని రావు. అందుకని ముక్కలు చూపించేముందు, ఈ ఆట వస్తుందా అని ప్రోగ్రామే లోపల ఒకసారి ఆడి చూసుకునేలా పెట్టాను. వస్తేనే చూపిస్తుంది. రాకపోతే మళ్లీ కలిపి పంచుతుంది.

“రాని ఆట నీ ముందటికి రాదు మామ. చెక్ చేసినంకనే వస్తది” అని మాటిచ్చాను.

“అంటే బండ్లు ఆగినయంటె తప్పు లైన్ది కాదు, కంట్రోలర్ది.”

“గంతే మామ.”

ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

రోజూ పొద్దున టీ తాగాక ఒక ఆట. అది మామ నియమం. ఆట వచ్చిందంటే వంటింట్లో ఉన్న అమ్మకు కూడా వినపడేలా “లైన్ క్లియర్!” అని అరిచేవాడు. ఒకసారి నాకు అర్థం చెప్పాడు. “లైన్ క్లియర్ అనేది ఎవనికి వాడు ఇచ్చుకునేది కాదు అల్లుడా. బండి పంపుమని ముందటి స్టేషనోడు ఇయ్యాలె. నా బుర్ర మంచిగున్నదని నాకు నేను చెప్పుకుంటె ఏమొస్తది? ఈ ఆట చెప్పాలె.”

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. తెలుసు అన్నది ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. మామకు అన్న ఒకాయన ఉండేవాడు. పెద్దమామ. చివరి రోజుల్లో మతిమరుపు ముదిరింది. ఒకరోజు చిల్కానగర్లో ఇంటి నుంచి బయలుదేరి, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సుల మధ్య నిలబడి ఏడుస్తుంటే మామే వెతికి పట్టుకున్నాడు. “మీరెవలు సార్?” అని తమ్ముణ్ణి అడిగాడట. మామకు చావంటే భయం లేదు. అదంటే భయం.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. సరళ మేడం సంగతి. రైల్వే బుకింగ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. లాలాపేటలో ఒంటరిగా ఉండేవారు. ఆవిడకూ మామకూ పాత పరిచయం. పింఛను పనుల మీద కలుసుకుంటూ, ఆ తర్వాత ఏ పనీ లేకుండా కూడా కలుసుకునేవారు. ఇద్దరూ పెళ్లి చేసుకుని ఒక చోట ఉంటే బాగుంటుందని అమ్మే ముందు అన్నది. మామ సిగ్గుపడ్డాడు, కాదనలేదు. పీర్జాదిగూడలో ఇద్దరికి సరిపోయే ఇల్లు కూడా చూసొచ్చారు.

ఇక నా సంగతి. మామ ఆటలో చిక్కుకుంటే నన్ను పిలిచేవాడు. ఎదురుగానే నా బల్ల. నా పని ఏమిటో ఆయనకు అర్థం కాదు. నేనూ కంప్యూటర్ ముందే, తానూ కంప్యూటర్ ముందే. ఒకరోజు విదేశీ క్లయింటుకు నేను పని చూపిస్తుండగా గట్టిగా కేక పెట్టాడు.

“అల్లుడా! ఆఠీన్ రాణి జాకీ కింద ఇరుక్కున్నది, జర వచ్చి సూడు!”

కాల్‌లో తెలుగువాళ్లందరూ నవ్వారు. మా మేనేజరు, “ముందు రాణిగారిని విడిపించి రండి” అన్నాడు. నవ్వి ఊరుకోవలసిన మాట. నాకు ఒళ్లు మండిపోయింది.

మామ భోజనానికి లేచినప్పుడు ఆ లాప్‌టాప్ తెరిచాను. ‘ఆట వస్తుందా’ అని అడిగే వరుస ముందు ఆశ్చర్యార్థకం పెట్టాను. అంతే. ఇక వచ్చే ఆటలన్నీ పక్కకు పోతాయి, రాని ఆటలు ఏరి మరీ ముందుకొస్తాయి. రెండు రోజులు రాకపోతే విసుగొచ్చి టీవీ ముందు కూర్చుంటాడు, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. చిలిపి పని అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? చిలిపి పనైతే ఎదుటి మనిషితో కలిసి నవ్వుకునే రోజు ఒకటి మనసులో ఉండాలి. నాకు ఆ రోజు లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి, అంతే.

నిశ్శబ్దమైంది.

పని ఒత్తిడిలో తీయడం మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పొద్దున “లైన్ క్లియర్” వినిపించడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. మామ ఒకే ఆటను మొదటికి తీసుకెళ్లి, ఇంకో దారిలో నడిపి, మళ్లీ మొదటికి తెచ్చుకోవడం నా కుర్చీలోంచి కనిపిస్తూనే ఉంది. నన్ను పిలవడం మానేశాడు. విసుగొచ్చి మానేశాడనుకున్నాను. సిగ్గుతో మానేశాడని నాకు తట్టలేదు. చెక్ చేసి పెట్టిన ఆటలు కూడా తనకు రావడం లేదని నాకు తెలియకూడదనుకున్నాడు.

ఒక పొద్దున మాత్రం లేచి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను. కాల్ మొదలవబోతోంది.

“అల్లుడా, ఆట ఏమన్న ఖరాబైందారా?”

“లేదు మామ. మంచిగనే ఉన్నది.”

“చెక్ చేసే వస్తున్నయి గదా అన్ని?”

“అవ్ మామ. చెక్ చేసే వస్తున్నయి.”

“అయితే లైన్ మంచిగనే ఉన్నది” అన్నాడు మెల్లగా. “కంట్రోలరే ఖరాబైండు.”

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నవ్వుతూ నా వీపు మీద ఒకటి చరిచేవాడు. రెండు రోజులు మాట్లాడకపోయినా మూడో రోజు మాట్లాడేవాడు. నేనేమన్నానో తెలుసా?

“వయసు గదా మామ. గట్లనే ఉంటది. ఫికర్ జెయ్యకు.”

ఫికర్ జెయ్యకు అన్నాను. ఆ మాట ఎక్కువ బాధిస్తుంది. ఎంత మంచివాడిలా అన్నాను! మామ తల ఊపాడు. వెళ్లి లాప్‌టాప్ మూసి, దాని మీద దుమ్ము జేబురుమాలతో తుడిచి, అలమార్లో పెట్టాడు. నా కాల్ మొదలైంది.

గుర్తు పెట్టడం ఒక తప్పు. దానికి కోపం అని పేరు పెట్టి కొంత తగ్గించుకోవచ్చు. ఈ మాటకు ఏం పేరు పెట్టను? కోపం లేదు అప్పుడు. ఒక వెధవ పని చేశానని ఒప్పుకోవడానికి మొహమాటం, కాల్‌కు ఆలస్యమవుతుందన్న తొందర, ఇవే. ఇంత చిన్న కారణాలకు ఒక మనిషి తన మెదడు మీద పెట్టుకున్న నమ్మకాన్ని లాగేసుకున్నానా? లాగేసుకున్నాను.

తర్వాతి వారం వంటింట్లో అమ్మ గొంతు పెద్దదైంది. సరళ మేడంకు మామ వద్దని చెప్పేశాడట.

“ఎందుకే అన్నా? ఇల్లు సూసొస్తిరి గద! ఆమె ఏమన్న అన్నదా?”

“ఆమె ఏమంటది, బంగారమసొంటి మనిషి” అన్నాడు మామ. “నాకే మొదలైంది సెల్లె. అన్నకైనట్టే. తెలిసి తెలిసి ఆమె గొంతుకు ఉరి పెడ్తనా? నన్ను దేవులాడుకుంట ఆమె ఉప్పల్ రింగ్ రోడ్డు మీద తిరగాల్నా?”

నేను గుమ్మం ఇవతల నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాను. లోపలికి ఒక్క అడుగు. వేయలేదు.

ఆ మధ్యాహ్నం అలమార్లోంచి లాప్‌టాప్ తీసి ఆశ్చర్యార్థకం చెరిపేశాను. మామ ముందు తెరిచి పెట్టి, ఆడమన్నాను. “వద్దు బిడ్డా” అన్నాడు. ఆయన నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. అల్లుడా అంటే అందులో కొంత ఎగతాళి ఉంటుంది, ఆట ఉంటుంది. ఇందులో ఏమీ లేదు. ఇంక ఎప్పుడూ ఆడలేదు. సరిచేసిన ఆట సరిగ్గానే పనిచేస్తోంది. ఆడే మనిషి లేడు.

సరళ మేడం ఒకసారి సర్వపిండి డబ్బాతో వచ్చారు. మామ నడకకు వెళ్లి ఉన్నాడు, లేదా వెళ్లినట్టు చేశాడు. గేటు దగ్గర నన్నే అడిగారు. “నా మీద ఏమన్న కోపమా బాబు ఆయనకు? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?” లేదు మేడం అన్నాను. అంతవరకు నిజమే. అక్కడ ఆగాను. ఆవిడ డబ్బా నా చేతికిచ్చి, ఖాళీ డబ్బా తిరిగివ్వాల్సిన పనిలేదన్నారు. కొన్నాళ్లకు కాజీపేటలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు.

తర్వాత ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. జరిగిపోయిందాన్ని తవ్వితే ఆయనకే బాధ అన్నది ఒకటి. డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది కదా అన్నది ఒకటి. చూపిద్దామంటే మామ రాలేదు. ఆ పేరు డాక్టరు నోట వినడం కంటే వినకుండా ఉండటమే మేలన్నాడు. ఇంకొన్నేళ్లు పోతే నిజంగానే మరపు వస్తుందేమో, అప్పుడు నా తప్పు దానికదే చెల్లిపోతుంది అన్నది ఒకటి. అవును, అదీ అనుకున్నాను. మామకు జబ్బు రావాలని ఎదురుచూసిన రోజులున్నాయి. ఇది రాయకూడదనుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాను.

రాలేదు. మామ బాల్కనీలో కూర్చుని దూరంగా వినపడే కూత బట్టి అది గూడ్సో, ప్యాసింజరో, ఎంత ఆలస్యమైందో చెబుతాడు. ఫోన్లో చూస్తే నిజమే అవుతుంది. అమ్మ మరిచిపోయిన పుట్టినరోజులు గుర్తుచేస్తాడు. అయినా తన మతి ఇంకా పూర్తిగా పోలేదంతే అనుకుంటాడు. పోయే రోజు కోసం సిద్ధంగా ఉంటాడు.

మొన్న బట్టలు ఉతకడానికి వేస్తూ అమ్మ మామ చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి నాకు చూపించింది. తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది. చార్టు మీద రాసి రాసి అలవాటైన ఆ నిలువు అక్షరాలు. మా ఇంటి చిరునామా. దాని కింద, “నేను దారి తెలియక తిరుగుతున్నట్టు కనబడితే దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయగలరు. మా మేనల్లుడు వచ్చి తీసుకెళ్తాడు.”

నంబరు నాది.

మడతల దగ్గర కాగితం నలిగిపోయింది. అంటే ఏళ్లుగా ఉంది. ఏళ్లుగా ప్రతి పొద్దునా చొక్కా మారుస్తూ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకుంటున్నాడు. అమ్మ దాన్ని మళ్లీ అలాగే మడిచి ఉతికిన చొక్కా జేబులో పెట్టింది.

లైన్ క్లియర్ ఎవరికి వారు ఇచ్చుకునేది కాదు. మీరు ఇవ్వాలని కూడా నేను అడగడం లేదు. అది ఇవ్వగలిగిన మనిషి గోడకవతల గదిలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు వినిపిస్తోంది. వెళ్లి చెబుతానని ఇక్కడ మాటివ్వను. ఆయనకు ఒకసారి మాటిచ్చాను, రాని ఆట నీ ముందుకు రాదని. నా మాటల విలువ నాకు తెలుసు. కానీ ఆ రోజు అనవలసింది ఏమిటో ఇన్నేళ్లకు ఒకచోట పెట్టగలుగుతున్నాను.

వయసు కాదు మామ. నేనే.

రాశాక ఛాతీలో కొంచెం తేలికగా ఉంది. ఆ తేలిక నాది మాత్రమే. ఆయన జేబులో కాగితం అలాగే ఉంది.