కొలిమిలో కాల్చిన సూర్యుడు

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే, స్టీల్‌ప్లాంటు వైపు దిగుతున్న ఎర్రటి సూర్యుణ్ణి చూసి మా పాప అడిగింది, "అమ్మా, రేపు మళ్ళీ వస్తాడా?"

నా చిన్నప్పుడు నాన్న అక్కడే కొలిమి దగ్గర నైట్ డ్యూటీ చేసేవాడు. "సూర్యుడు సల్లారిపోనాడే గుంటా. రాత్రంతా కాల్సి పొద్దున్నకి పంపిత్తాను," అనేవాడు. నేను నమ్మేదాన్ని.

నా ఆరో ఏట ఒక సాయంత్రం ఆయన్ని గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తెల్లవారాక అమ్మ ఒక్కతే తిరిగొచ్చి, "మీ నాన్న ఇంక రాడే," అంటూ గుమ్మంలో కూలబడింది. నేను వాకిట్లో ఎండ చూపించాను.

"డ్యూటీకెల్లాడమ్మా. సూడు, సూర్యుడొచ్చేసినాడు."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఆడికేటే, ఎవులు పోయినా వత్తాడు."

"తప్పకుండా వస్తాడు," అని పాపకు చెప్పాను. రేపటి గురించి భయం లేకుండా నేను దానికి ఇవ్వగలిగిన మాట అదొక్కటే.