కౌంటరులో నేను రాసిన మాట

1953 నాటికి నేను ఆత్మకూరులో ప్లీడరుగా బోర్డు కట్టి మూడేళ్లు. ఆ వేసవిలో ఉదయగిరి నుంచి పెంచలయ్య, మస్తానమ్మ అనే దంపతులు నెల్లూరు జిల్లా కోర్టు నోటీసు పట్టుకొని వచ్చారు. వెంట ఆరేళ్ల పిల్ల, రమణమ్మ.

పిల్ల వాళ్లది కాదు. పక్కింటి ఆడపడుచు పుట్టింట్లో కాన్పయి చనిపోతే, అప్పుడే తన బిడ్డను పోగొట్టుకొని ఉన్న మస్తానమ్మ ఆ పసికందుకు పాలిచ్చి పెంచింది. తండ్రి కొండాపురం రైతు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆరేళ్లలో నాలుగైదు సార్లు వచ్చి చూసిపోయాడు. ఇప్పుడు బిడ్డను అప్పగించమని గార్డియన్ పిటిషన్ వేశాడు.

చట్టం మా వైపు లేదు. తండ్రి బతికి ఉండగా, అతను అనర్హుడని తేలితే తప్ప కోర్టు ఇంకొకరిని సంరక్షకులుగా నియమించదు. దత్తత అందామంటే, ఆనాడు ఆడపిల్ల దత్తత చెల్లేది కాదు.

పిటిషన్ చివరి పేరాలో తండ్రి ఒక సంగతి రాయించాడు. పెంచినవాళ్లు ఎప్పుడైనా వచ్చి పిల్లను చూసుకోవచ్చు, తనకు అభ్యంతరం లేదని. నేను దాన్ని చదివి వదిలేశాను. గెలవాలంటే అనర్హత చూపాలి. అందుకని మా జవాబులో, అంటే కౌంటరులో, అతను తాగుబోతని రాశాను.

చదివి వినిపిస్తే పెంచలయ్య ఇబ్బందిపడ్డాడు.

“ఆయన తాగేది మేం చూడలేదయ్యా. లేనిది ఎట్టా చెప్పేది?” అన్నాడు.

కోర్టు కాగితాల్లో ఇలాంటివి మామూలేనని చెప్పి వేలిముద్ర వేయించాను.

విచారణ రోజు అవతలి ప్లీడరు ఎక్కువసేపు తీసుకోలేదు. పిల్ల తండ్రి తాగి ఉండగా ఎప్పుడైనా చూశావా అని అడిగారు. ప్రమాణం చేసి బోనులో నిలబడిన పెంచలయ్య నావైపు చూశాడు.

“లేదు సామీ. వకీలయ్య రాసినాడు” అన్నాడు.

జడ్జిగారు తలెత్తి నన్నొకసారి చూసి, మళ్లీ రాసుకోసాగారు.

పిల్లను తండ్రికి అప్పగించమని ఉత్తర్వు అయింది. నెలకోసారైనా చూడనివ్వమని లేచి అడిగాను. జడ్జిగారు తండ్రి అభిప్రాయం అడిగారు.

“నన్ను తాగుబోతని రాసినోళ్లు నా గడప తొక్కేదానికి లేదు” అన్నాడతను.

పిటిషన్‌లోని పేరా చూపించాను. అది కౌంటరు రాకముందు మాట అన్నారు అవతలి ప్లీడరు. తండ్రి ఒప్పుకోనిదే పరాయివాళ్లకు ఆ వీలు కల్పించడానికి ఆధారం కనిపించడం లేదని జడ్జిగారు ముగించారు.

వరండాలో మస్తానమ్మ కొంగుతో పిల్ల ముఖం తుడిచింది. “ఏడవబాకమ్మా. బస్సులో చెయ్యి బయట పెట్టబాక” అంది. పిల్ల ఆమె చీర వదలలేదు. తండ్రి ఒక్కో వేలూ విడదీశాడు.

తర్వాత మస్తానమ్మ రెండుసార్లు కొండాపురం వెళ్లిందని తెలిసింది. రెండోసారి రమణమ్మ సవతి తమ్ముణ్ని చంకనెత్తుకొని వాకిట్లో ఉందట. ఈమెను చూసి లోపలికి వెళ్లిపోయిందట. ఆ దంపతులు మళ్లీ నా గుమ్మం ఎక్కలేదు. 1956లో ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చని చట్టం వచ్చింది. అదీ కన్నతండ్రి ఇస్తేనే.

హక్కు లేని కక్షిదారుకు అవతలి పక్షం ఇస్తానన్నదే దక్కేది. దాన్ని నేను ఒక అబద్ధంతో పోగొట్టాను. ఆ తర్వాత ప్రాక్టీసు మానేదాకా, కక్షిదారు ప్రమాణం చేసి చెప్పలేని మాట ఏ కాగితంలోనూ రాయలేదు. రమణమ్మకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.