రెండు పార్టీల హైస్కూల్లో నెట్‌వర్క్ పాఠం

నేను ప్రొద్దుటూరులో ఎం.సి.ఏ. చదివాను. చదివాననేది సర్టిఫికెట్ చెప్పే మాట. నేను ఖండించలేదు, అంతే. మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల మానిటర్లకు పూల గుడ్డతో కుట్టించిన ముసుగులుండేవి. అవి తీయాలంటే ల్యాబ్ అసిస్టెంటుకు మనసు రావాలి. ఆయనకు వచ్చేది కాదు. కంప్యూటర్‌ను దూరం నుంచి గౌరవించి పట్టా పుచ్చుకున్న తరం మాది.

బయటికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎండిపోయాయి. మాది పులివెందుల దాటి, లింగాల పక్క పల్లె. గొర్రెలు కాసుకుంటూ వచ్చి, ఈమధ్యే సేద్యంలోకి దిగినవాళ్ళం. మా నాయన బాగా ఆలోచించి, "బీఎడ్ చెయ్యప్పా. మీ తాత జీవాల్ని మేపినాడు, నేనూ మేపినా. నువ్వు పిల్లోల్లను మేపు. పెద్ద తేడా ఏముంటాదిలే," అన్నాడు. విద్యా మనోవిజ్ఞానం గురించి ఆ తర్వాత ఏడాది పొడవునా విన్నవాటిలో అంత స్పష్టమైన ముక్క ఇంకొకటి లేదు.

బీఎడ్ కాలేజీ కూడా ప్రొద్దుటూరే. యజమాని ఒక పార్టీ నాయకుడు. ఆయన గన్‌మన్ స్టాఫ్‌రూంలో కూర్చునేవాడు. రోజూ టైముకు వచ్చేది అతనొక్కడే కాబట్టి మా సందేహాలకు కూడా అతనే జవాబు చెప్పేవాడు. బోధనా పద్ధతులు చెప్పాల్సిన లెక్చరర్ మేం రాసిన పాఠ్యపథకాలు చదివేవాడు కాదు. మార్జిన్ ఎర్ర ఇంకుతో కొట్టామా లేదా చూసి సంతకం పెట్టేవాడు. మనిషికి ఏదో ఒక ప్రమాణం ఉండాలి కదా.

ఈ విద్యాలయం నుంచి విముక్తికి ఒకటే దారి. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు, నిజమైన పిల్లలకు, చివరి పాఠం చెప్పి పాసవ్వాలి. తప్పితే ఇంకో ఏడాది గన్‌మన్ దగ్గరే చదువు. టీచరు పోస్టుల పరీక్ష దగ్గరికొచ్చింది, బీఎడ్ లేనిదే దానికి కూర్చోనివ్వరు. పైగా మా నాయన అప్పటికే ఊళ్ళో నన్ను 'అయ్యోరు' అని పిలిపిస్తున్నాడు.

నాకు పడిన హైస్కూలు జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో ఉంది. ఆ ఊళ్ళో పై వీధికీ కింద వీధికీ కొన్ని అభిప్రాయ భేదాలుండేవి. అప్పుడప్పుడూ వాటిని నాటుబాంబులతో చెప్పుకునేవాళ్ళు. పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఇంకో పార్టీ. అందుకని ఆ ఊళ్ళో అన్నీ రెండేసి: రెండు టీ అంగళ్ళు, రెండు మంగలి షాపులు, రెండు బస్సు స్టాపులు. స్టాపుల మధ్య దూరం బస్సు పొడవంత ఉంటుంది. అయినా డ్రైవరు రెండు చోట్లా ఆపేవాడు, వాడికీ పిల్లలున్నారు. హెడ్మాస్టరు ఒక అంగట్లో టీ తాగితే వెంటనే రెండో అంగట్లోనూ తాగాలి. నిష్పాక్షికత వల్ల షుగరు తెచ్చుకున్న మనిషిని నేను ఆయనలోనే చూశాను.

హైస్కూలు మాత్రం ఒక్కటే ఇవ్వడం ప్రభుత్వం చేసిన పొరపాటు. ఊరివాళ్ళు దాన్ని చేతనైనంత సరిదిద్దుకున్నారు. క్లాసులో నడుమ దారి వదిలి, గోడ పక్క పై వీధి పిల్లలు, కిటికీ పక్క కింద వీధి పిల్లలు. పై వీధి నాయకుడు బడికి ఒక కంప్యూటర్ బహూకరించాడు. నెల తిరక్కుండా కింద వీధి నాయకుడు ఇంకొకటి బహూకరించాడు. దీని మానిటర్ కొంచెం పెద్దది. రెండింటి మీదా దాతల పేర్లు ఆయిల్ పెయింటుతో రాయించారు, గేదెలకు ముద్ర వేసినట్టు. ఒకటి గదికి ఈ చివర, రెండోది ఆ చివర.

ఈ గదిలో చివరి పాఠంగా నేను నెట్‌వర్క్ ఎంచుకున్నాను. రెండు కంప్యూటర్లనూ కేబుల్‌తో కలిపి, ఒకదాంట్లోది రెండోదాంట్లో చూపిస్తే మార్కులు కొట్టేయొచ్చని లెక్క. మా లెక్చరర్ మార్జిన్ చూసి సంతకం పెట్టాడు.

ఎగ్జామినర్ కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసరు. జీపు దిగేముందే హెడ్మాస్టర్ని, "ఇక్కడ గొడవలేం లేవు కదండీ?" అని అడిగాడు.

"ఏంల్యా సార్. ఈ వారమంతా శానా బాగుండాది."

ఆయన జీపులో ఇంకాసేపు కూర్చున్నాడు.

పాఠం మొదలైంది. ఆ రోజు కరెంటు కూడా ఉంది. కేబుల్ ఒక చివర పై వీధి కంప్యూటర్‌కు పెట్టి, రెండో చివర పట్టుకుని నడుమ దారి దాటాను. క్లాసంతా గప్‌చుప్. ఇంత శ్రద్ధ ఏ మనోవిజ్ఞాన పుస్తకంలోనూ రాయలేదని మురిసిపోయాను. కిటికీ పక్క నుంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఆ వైరు పెడితే మా దాంట్లోది వాళ్ళకు పోతాదా?"

"పోతుందమ్మా. దాన్నే నెట్‌వర్క్ అంటారు."

నా ఎం.సి.ఏ. మొత్తం ఆ వాక్యంలో ఉంది. ఆ అమ్మాయి పక్కనున్న పిల్లాడు కిటికీలోంచి దూకాడు. అది చూసి, గోడ పక్క నుంచి ఒకడు తమ వైపు తలుపులోంచి పరుగెత్తాడు. నేను పాఠం కొనసాగించాను. కాసేపటికి రెండు తలుపుల్లోనూ ఇద్దరు పెద్దమనుషులు నిలబడ్డారు, వీధికొకరు. ఇద్దరి వెనకా మనుషులు. ప్రొఫెసరు తన కుర్చీని గోడకు జరుపుకున్నాడు.

"ఏందప్పా చేస్తాండావు ఈడ?" అన్నాడు పై వీధి పెద్దాయన.

"నెట్‌వర్క్, మామా. దీంట్లో ఉండేది దాంట్లో కనపడతాది."

"మా దాంట్లో ఉండేది వాళ్ళకెందుకు కనపడల్ల?"

"మీ దాంట్లో ఏముంది మామా?"

"అది నీకెందుకు?"

అందులో ఉన్నవి రెండే: పేకాట, ఎవరో పిల్లాడు గీసిన మేక. కింద వీధి దాంట్లో పేకాట ఒక్కటే.

"మా నాయకుడిచ్చిన దానికి వాళ్ళ వైరు తగిలిస్తావా? ఎవురప్పా నువ్వు, యా ఊరు?" అన్నాడు కింద వీధి పెద్దాయన.

మా జిల్లాలో ఊరి పేరు అడిగేది అడ్రసు కోసం కాదు. "పులివెందుల తట్టు, మామా," అన్నాను.

"ఆడ ఎవురి మనిషివి?"

"గొర్లోల్లం మామా. గొర్లు యా పార్టీనో ఇంకా చెప్పలా."

పిల్లలు నవ్వారు. పెద్దలు నవ్వలేదు. కానీ ఇద్దరూ ఒకేసారి, "ముందు ఆ వైరు పెరుకు," అన్నారు. రెండు పార్టీలూ ఒకే మాట మీదికి రావడం తన సర్వీసులో అదే మొదటిసారని హెడ్మాస్టరు తర్వాత చెప్పాడు. విద్య సమాజాన్ని ఐక్యం చేస్తుందని నేనూ పరీక్షలో రాశాను, నమ్మకుండానే.

పెరికిన కేబుల్ ఎవరి దగ్గరుండాలన్నది తర్వాతి సమస్య. అది నాదని ఎవరికీ తోచలేదు. చివరికి కొడవలి తెప్పించి, సరిగ్గా నడుమకు మడిచి, కోసి, చెరో ముక్కా పట్టుకుని వెళ్ళారు.

ప్రొఫెసరు గొంతు సవరించుకుని, "పాఠం పూర్తి కాలేదు కదండీ. మార్కులెలా వెయ్యమంటారు?" అన్నాడు. కొడవలి చూసినా ఆయనలో నియమం చావలేదు. నా కళ్ళకు స్టాఫ్‌రూం, గన్‌మన్, ఎర్ర మార్జిన్లు మళ్ళీ కనపడ్డాయి. సంచిలో ఫ్లాపీ ఉంది. మేక బొమ్మను దాంట్లోకి ఎక్కించి, "కేబుల్ లేనప్పుడు సమాచారాన్ని ఇలా చేరవేస్తాం. ఎవరు తీసుకుపోతారు?" అన్నాను.

ఎవరూ కదల్లేదు. నడుమ దారి దాటే పిల్లవాడు ఆ బడిలో లేడు. నేనే అడుగేయబోతే గోడ పక్క నుంచి, "నువ్వొద్దు సార్, నువ్వు పులివెందులోనివి," అన్నారు. హెడ్మాస్టరు కోసం చూస్తే ఆయన టీకి పోయాడు, అంటే రెండు టీలకు. అప్పుడు కిటికీ పక్క అమ్మాయే అంది:

"ఆ కొత్త సార్ను పంపియ్ సార్. ఆయప్పది మన జిల్లా కాదు."

అలా పీహెచ్‌డీ చేసిన పెద్దమనిషి ఫ్లాపీని రెండు చేతులతో, నిండు గ్లాసు మోసినట్టు మోసుకుంటూ నడుమ దారి దాటాడు. పెద్ద మానిటర్ మీద మేక కనపడగానే గదంతా ఒకటే అరుపు.

"దీనికి కొమ్ములేవీ?" అంది అమ్మాయి. కొమ్ములు గీసి వెనక్కి పంపింది. గోడ పక్కవాళ్ళు గడ్డం పెట్టి మళ్ళీ పంపారు. ప్రొఫెసరు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. గంట కొట్టేసరికి ఆయన చొక్కా తడిసింది, మేకకు మెడలో గంట కూడా వచ్చింది. వీధుల పేర్లు ఆ కాసేపు ఎవరూ ఎత్తలేదు. బడి వదలగానే ఎవరి స్టాపులో వాళ్ళు నిలబడ్డారనుకోండి.

ప్రొఫెసరు నన్ను పాస్ చేశాడు. రిమార్కుల్లో 'బోధనోపకరణాల వినియోగం ప్రశంసనీయం' అని రాశాడు. నేను వాడిన ఉపకరణం తానేనని ఆయనకు తట్టినట్టు లేదు.

ఊరికెళ్ళి నాయనకు పాసయ్యానని చెప్పాను.

"ఏం చెప్పినావప్పా పిల్లోల్లకు?"

నెట్‌వర్క్ గురించి ఆయనకు వివరించే ఓపిక నాకు లేదు. "ఏంల్యా నాయనా, ఒగ మ్యాకను ఈ దొడ్లోనుంచి ఆ దొడ్లోకి తోలినా."

"నువ్వే తోలినావా?"

"ల్యా. కోస్తా నుంచి ఒగ ప్రొఫెసర్ను పిలిపిచ్చినారు."

 నాయన లేచి, నన్ను రమ్మనకుండా, మందను తోలుకురావడానికి ఒక్కడే పోయాడు.