అత్తగారి చేతికి తగిన చాకు

కొలిమక్క మొదటి గెలుపు పన్నెండో ఉక్కుదిమ్మె. అంతకు ముందు పదకొండూ పొరలు విడిపోయి తుక్కుగోనెలో పడ్డాయి. రెండు రకాల ఉక్కురేకులు పేర్చి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, కొలిమిలో నిమ్మపండు రంగు వచ్చేదాకా కాల్చి, సమ్మెటతో ఒకటి చేయడం మాటలా? చదివింది ఎనిమిదో తరగతి. గేట్లు చేసే షెడ్డులో సమ్మెట పట్టిన మొదటి ఆడమనిషి. ఆమె బిగించిన గేటు ఒక్కటీ ఇంతవరకు కిర్రుమనలేదు. నమ్మనివాళ్లు వెళ్లి తీసి చూసుకోవచ్చు.

జపాను పద్ధతి చాకులు చేసే మేస్త్రి ఒకాయన ఏడాదికి ఒక్కరికే పని నేర్పుతాడు. ఆయన షరతు ఒకటే: అరచేతిలో ఇమిడే చాకును ఫలానా మనిషికోసమని చేసి తేవాలి, ఆ మనిషే ఆయన ముందు దానితో కోయాలి. కొలిమక్క తన చాకును పుస్తకాలకు అట్టలు కట్టే అత్తగారికోసం చేసింది. దాని కొసలోనే పదును, ఆ పదునుకు ఒక పక్క వాలు, రెండో పక్క చదును.

గట్టిపడడానికి ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే పగల్లేదు. సానపట్టి యాసిడ్‌లో వేస్తే పొరలు మెల్లగా పైకి తేలాయి, వాన వెలిశాక ఇసుకమీద నీళ్లు గీసిపోయిన గీతల్లా. ఆ గీతల వెంట నడుస్తూ పోతే ఎక్కడో నది ఒడ్డు తగులుతుందనిపించి అలాగే కూర్చుండిపోయింది.

అత్తగారు చాకు అట్టమీద పెట్టి లాగింది. అది పక్కకు జారింది.

"ఏమే కోడలా, అద్దంలో చూసి చేశావా?"

"అదేంటత్తయ్యా?"

"కుడిచేతివాళ్లకి పెట్టావు వాలు. ఏడేళ్లుగా నా ఎడమచేతి మొట్టికాయలు తింటున్నావు, ఇంకా ఏ చెయ్యో తెలీలేదూ?"

మేస్త్రి పెట్టిన గడువుకు ఇంక మూడు రోజులే. కొత్త దిమ్మెకు వేళ లేదు. ఉన్న వాలు పోయేదాకా కురచ చేసి, రెండో పక్క కొత్త వాలు తీయాలి. మిషను మీద పెడితే వేడికి గట్టిదనం చస్తుంది.

"పోనీ కుడిచేత్తోనే కోస్తాలేవే."

"మీకోసం చేసి, మీచేత వాటంకాని చెయ్యి వాడిస్తానా?"

రెండు పగళ్లు సానరాయిమీద నీళ్లు పోస్తూ అరగదీసింది. ఆ నది బూడిదరంగు బురదై వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మళ్లీ యాసిడ్‌లో వేస్తే, పొరలు ఏటవాలుగా తెగినచోట ఇంకో నీరు కనిపించింది. ఇది వెడల్పు, నిదానం.

మేస్త్రి ముందు అత్తగారు ఎడమచేత్తో కోసింది. అట్ట చప్పుడు లేకుండా రెండైంది.

"పిడికి తగ్గ పొడవు లేదేమమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మా అత్తయ్యది ఎడమచేతివాటమండీ. గీతలు ఎలా తేలతాయా అన్న ధ్యాసలో పడి మర్చిపోయి, మళ్లీ అరగదీశాను."

"అంత అందం చెరుపుకోడానికి చెయ్యి ఎలా వచ్చింది?"

"రాలేదండీ. రప్పించాను."

మేస్త్రి చాకు అత్తగారికే తిరిగిచ్చి, "సోమవారం నుంచి పనిలోకి రా," అన్నాడు.

సోమవారమే వెళ్లింది. ఆరునెలల శిక్షణ. వచ్చే మార్చి ఇరవై రెండున, ఆదివారం, పొద్దుటి బండికి మళ్లీ ఊళ్లో దిగుతుంది.