ఎర్ర స్టూలు చూసిన పదకొండు మంది

నా కూతురి వీడియో కింద ఆ వారం వచ్చిన మాటలు అరవై మూడు. బాగుందన్నవి పద్నాలుగు. మిగతా నలభై తొమ్మిదీ తిట్లే. రంగు మీద ఇరవై రెండు, ఒళ్లు మీద పదిహేను, మా మాట తీరు మీద తొమ్మిది, టైలరు కూతురికి ఈ షోకులు ఎందుకని మూడు. కొలతల పుస్తకం చివరి పేజీలో గీతలు గీసి లెక్కపెట్టాను. నేను చదివింది ఏడో తరగతి. ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేయడం, కుట్టులోకి ఎంత వదలాలో చూసుకోవడం పాత పేపర్లు మడతపెట్టి నాకు నేనే నేర్చుకున్నాను. ఏదైనా అంకెల్లో పెట్టుకుంటే తప్ప నాకు అర్థం కాదు. కోపం కూడా అంతే.

గోపన్‌పల్లిలో మాది ఒక షట్టరు షాపు. తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల ఆడవాళ్లు జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తారు. నా కూతురు డిగ్రీ చదువుతూనే మగ్గం వర్క్ నేర్చుకుంది. తను కుట్టిన జాకెట్లు తనే వేసుకుని, వీపు కెమెరా వైపు తిప్పి వీడియోలు పెట్టేది. నాలాగే నలుపు, నాలాగే కాస్త లావు. ఆ వారం తర్వాత వీడియోలు ఆపేసింది. ఎండలో కూడా పూర్తి చేతుల డ్రెస్సు, మెడ చుట్టూ చున్నీ.

"అకౌంట్ తీసేస్తున్ననే అమ్మా. బతుకమ్మకు గూడ రాను, అడగకు" అంది.

"మొకం లేనోళ్లు ఏదో రాస్తే నువ్వు మొకం దాసుకుంటవా?"

"నీకేం, లెక్కవెట్టుకుంట కూసుంటవు. అన్నది నన్ను."

నిజమే. అయినా మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈసారి ఒక దాని దగ్గర ఆగిపోయాను. పేరు లేదు, ఫొటో ఉండాల్సిన చోట మందారం బొమ్మ. 'బొగ్గు బస్తాకు జరీ కుట్టినట్టుంది. ఆ ఎర్ర స్టూలు ఇంకా విరగలేదా?'

మా ఎర్ర స్టూలు ఏ వీడియోలోనూ లేదు. అది ట్రయల్ తెర వెనక ఉంటుంది. జాకెట్టు కింది అంచుకు గుర్తు పెట్టేటప్పుడు నా కూతురు దాని మీద కూర్చుంటుంది. తెర లోపలికి వచ్చినవాళ్లకే అది తెలుసు. స్టూలు కొని రెండు నెలలు. పుస్తకం తిరగేస్తే, ఆ రెండు నెలల్లో ట్రయల్‌కు వచ్చినవాళ్లు పదకొండు మంది, అందరిదీ ఒకే కమ్యూనిటీ. అందరి బతుకమ్మ జాకెట్లూ నా దగ్గరే ఉన్నాయి.

చంక దగ్గర పావు అంగుళం బిగిస్తే చాలు, చప్పట్లు కొట్టడానికి చెయ్యి లేవదు. పది మంది ఏ తప్పూ చేయలేదని తెలుసు. తెలిసే మొదటి జాకెట్టు అలా కుట్టేశాను. హుక్కులు పెడుతూ నా కూతురు పట్టేసింది.

"గిదేంది, పావు ఇంచు తక్కువున్నది?"

చెప్పాను. జాకెట్టు తిరగేసి చంక కుట్టు చూసింది. తర్వాత కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

"గిట్ల లోపట కుడితే ఎవరికి కనవడ్తదే? కుడితే బయటనే కుట్టాలె."

తొమ్మిది రోజులు మగ్గం ముందు కూర్చుంది. నల్ల పట్టు మీద బంగారు జరీతో ఆ మాటలనే, ఒక్క అక్షరం మార్చకుండా, వీపు మధ్యలో కుట్టింది. కింద మందారం, ఎర్ర పూసలతో.

"నీ తిట్టు నువ్వే మోస్తవా?" అని కసిరాను.

"నేనేడ మోస్తున్న? ఎనక నడిచేటోళ్లు సదువుకుంటరు."

ఆ కమ్యూనిటీలో పాటలు వచ్చినవాళ్లు తక్కువని ఏటా బతుకమ్మకు నన్ను పిలుస్తారు. క్లబ్‌హౌస్ ముందు పచ్చికలో పూలు పేర్చి పెట్టారు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఎవరికైనా కనిపించేది ముందున్నవాళ్ల వీపే. నా కూతురు చున్నీ తీసి నా చేతికిచ్చి వరసలో నిలబడింది.

రెండో చుట్టులో, వెనకనున్న కోస్తా ఆవిడ పైకే చదివింది. "ఏంటమ్మాయ్ ఇదీ, బొగ్గు బస్తాకు... అయ్యయ్యో! ఎవరన్నారండీ ఇలాగ?"

"తెల్వదండీ. మీ కమ్యూనిటీలనే ఒకరు" అంది నా కూతురు.

చప్పట్లు తప్పాయి. నేను పాట ఆపలేదు. పాడుతూనే లెక్కపెట్టాను. పదకొండు మందిలో తొమ్మిది మంది వెనక్కి వచ్చి చూశారు. ఇద్దరు ఫొటో తీసుకున్నారు. పాట అయిపోగానే ఒకామె మాత్రం నా మీదికే వచ్చింది.

"పండుగ పూట గీ లొల్లేంది? పిల్లకు జర బుద్ధి చెప్పరాదా?"

"బుద్ధి చెప్పాల్సింది ఎవరికో సదివినవు గదా మేడం" అన్నాను.

మిగిలిన ఇద్దరూ దగ్గరికే రాలేదు. ఒకరు మోకాళ్ల నొప్పని కుర్చీలో కూర్చున్నారు. ఇంకొకరు చివరిదాకా ప్రసాదం మలీద ముద్దలు పంచుతూనే ఉన్నారు.

మర్నాడు నా కూతురు ఎర్ర స్టూలును షట్టరు ముందుకు లాగి, కెమెరాకు వీపు పెట్టి కూర్చుంది. వీడియో పెట్టింది. మళ్లీ తిట్లు వచ్చాయి, ఇరవై ఏడు. మందారం అందులో లేదు, ఆ అకౌంటే లేదు. దానికి నాకు సంతోషం కలగలేదు. తిట్టినామె అకౌంటు తీసేసుకుని హాయిగా ఉందామనుకుంది, అంతే కదా.

పెళ్లి జాకెట్టు ట్రయల్‌కు మోకాళ్ల నొప్పి ఆవిడ మొన్న వచ్చింది. ఆ మాటలు కుట్టిన చేతులు లేని జాకెట్టే వేసుకుని, నా కూతురు తెర వెనక స్టూలు మీద అటు తిరిగి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆవిడ తెర పక్కకు తీసి, లోపలికి ఒక అడుగు వేసి ఆగింది.

"రేపొస్తలే" అని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

పుస్తకంలో ఆమె కొలతల పక్కన ఒక గీత గీశాను. ఒక్క గీతతో తేలదు. మలీద పంచినావిడ శనివారం రావాలి.