ఆముదం కుండ దగ్గర

ఎనభైల మధ్యలో నేను ఖమ్మంలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నీరంటని రెండు పలకలను నీళ్లలో దగ్గరకు తెస్తే, తాకకముందే ఒకదాన్నొకటి లాక్కుంటాయని ఆ ఏడు ఒక పత్రికలో చదివాను. ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు నాకు. నా నెలల పాప పోయి ఏడాది కాలేదు. అప్పుడే నా ఆడబిడ్డ సరళకు కొడుకు పుట్టాడని కబురొచ్చింది. వెళ్లకపోతే ఓర్వలేదంటారు, వెళితే దిష్టంటారు. వెళ్లాను.

పొద్దున్నే భద్రాచలం బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ దాటి మధ్యాహ్నానికి సారపాక వస్తుంది. గోదావరి వంతెన దాటకుండా అక్కడే దిగాలి. అడవి అంచు ఊళ్లకు అప్పట్లో జీపులు తిరిగేవి. కిరాయి తక్కువే కానీ నిండితే తప్ప కదలవు. "వెదురు లారీలొస్తే తొవ్వ దొరకది, జల్దీ ఎక్కమ్మా" అని తొందరపెట్టిన డ్రైవరే తీరిగ్గా బీడీ ముట్టించాడు.

సరళ అత్తగారు పెరట్లో పసివాడి కోసం ఆముదం వండుతోంది. వేయించి దంచిన గింజల ముద్దను నీళ్లలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది; దాన్ని పసిపిల్లల మాడుకు పెడతారు. నన్ను చూసి "నువ్వు లోపల కూసో బిడ్డా" అంది. బిడ్డ పోయిన తల్లి కన్ను పడితే నూనె తేలదట. గడపలోనే కూలబడ్డాను.

అయినా నూనె తేలలేదు. కుండలో తెల్లటి నురగే సుడి తిరుగుతోంది. సాయానికొచ్చిన పక్కింటామె నావైపు అదోలా చూసింది. ఇక ఈ ఇంట్లో పసివాణ్ణి నా చేతికివ్వరని అర్థమైంది. లేచి వెళ్లి పొయ్యిలోంచి రెండు కట్టెలు బయటికి లాగాను.

"గంత మంట వద్దు పెద్దమ్మా. కలపకు, జర ఆగు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. ఉడుకు సద్దుమణిగింది. నూనె చుక్కలకు ఒకదానిమీద ఒకదానికి పెద్ద ప్రేమేం ఉండదు. నీళ్లు తమలో తాము చేతులు పట్టుకుని వాటిని బయటికి నెట్టేస్తాయి. అలా నెట్టేసినవి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. చుక్క చుక్కలో కలిసి, కాసేపటికి పైన పసుపుపచ్చగా తెట్టు కట్టింది.

"నా కన్ను పడ్డా తేలింది" అన్నాను.

పక్కింటామె వెళ్లేదాకా పెద్దమ్మ ఆగింది. "నాకు ఇద్దరు పిల్లలు పోయిండ్రు బిడ్డా, ఈ ఊరికి రాకముందే. ఎవ్వరికీ చెప్పలే. ఇన్నేండ్ల సంది ఊరందరి పిల్లలకు నేనే వండుతున్న."

ఇద్దరం ఆ కుండ పక్కనే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. తర్వాత ఆమే పసివాణ్ణి తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఇన్ని నెలలుగా నన్ను ఓదార్చినవాళ్లెవరూ నాకంత దగ్గరగా రాలేదు.

మీరూ ఎప్పుడైనా అటు వెళ్లి ఆముదం వండితే, నురగ చూసి కంగారు పడకండి. మంట తగ్గించి, కలపకుండా ఆగండి. కుండ దగ్గర నుంచి మాత్రం ఎవరినీ లేపకండి.