తెలిసుంటే వెళ్ళేవాడే

"తెలియక వెనక్కొచ్చాడు పాపం, తెలిసుంటే వెళ్ళేవాడే" అని రోగుల్ని తెచ్చే హెలికాప్టర్ షెడ్డులో ఒక పైలట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. రోగి ఎవరో పైలట్‌కి చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. చెబితే జాలి కళ్ళకు అడ్డుపడుతుందని వాళ్ళ భయం. ఆ రోజు పొగమంచులో లోయ కనిపించక, వెనక సీట్లో ఉన్న నర్సును క్షేమంగా తీసుకుని అతను సగం దారిలో తిరిగొచ్చేశాడు. కొండమీద పురిటినొప్పులు పడుతున్నది అతని చెల్లెలే. సాయంత్రానికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

అప్పటినుంచి పొద్దున్నే వచ్చి హెలికాప్టర్ ముందు అద్దాన్ని తన రుమాలుతో తుడుస్తాడు. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తాడు. "కెప్టెన్ గారూ, ఇంకా రుద్దితే అద్దం అరిగిపోయి మనం గాలి మింగుతూ ఎగరాలి" అని మెకానిక్ వేళాకోళమాడితే, పెదవి చివర నవ్వి రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటాడు. మొన్న ఇంట్లో భోజనాల దగ్గర తల్లి అతని వీపు నిమిరి, "నీకేం తెలుసురా నాయనా, ఎవరో అనుకున్నావు. అది నిన్నేమీ అనుకోదులే" అంది. అతను రుమాలు తీసి మంచినీళ్ళ గ్లాసు తుడవసాగాడు. ఎదురుగా ఉన్న చెల్లెలి భర్త, "నాకు చాలత్తయ్యా" అంటూ సగం పళ్ళెం వదిలి లేచిపోయాడు. పైలట్‌కి రోగి పేరు చెప్పరు గానీ, దిగాల్సిన చోటు చెప్పక తప్పదు. ఆ కొండమీద ఉన్నది ఒక్కటే ఇల్లు, అది చెల్లెలిది.